పద్దెనిమిది వాట్లని నోరు జారిన బేరం

కిందటేడు చలికాలం, అరకు పైన కొండ మీద ఒక కాఫీ రైతుల సంఘం షెడ్డులో, ముప్ఫై మంది వింటుండగా నేనొక అంకె చెప్పాను. పద్దెనిమిది. పద్దెనిమిది వాట్లతో నడిచే మెటల్ డిటెక్టర్ చేసిస్తానన్నాను. అప్పటికి విశాఖలో నా బల్ల మీదున్న నమూనా నలభై తాగుతోంది. చెత్త నిర్ణయాలు చాలామంది తీసుకుంటారు. ఇంత ధీమాగా, ఇంతమంది సాక్షుల ముందు, మైకు పట్టుకుని మరీ తీసుకున్నవాళ్లు తక్కువ. ఆ విషయంలో నన్ను మించినవాళ్లు ఈ జిల్లాలో లేరు.

రెచ్చగొట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. విదేశీ యంత్రాలు అమ్మే డీలరు. నా కంటే ముందు మైకు ఆయనదే. సంఘం వాళ్లు ధర అడిగితే, కప్పు మీది సోలార్ పలకల్ని, మూలనున్న నాలుగు బ్యాటరీలని చూసి నవ్వాడు. "దీని మీద మెటల్ డిటెక్టరా? టార్చిలైటు కొనుక్కోండమ్మా, చేత్తో ఏరుకోవచ్చు" అన్నాడు. ఆయన యంత్రానికి నూట ఇరవై వాట్లు కావాలి, అదీ నిలకడగా. కొండ మీద కరెంటు లేదనను. చుట్టంలా వస్తుంది, చెప్పకుండా పోతుంది. ఆయన నవ్వుకి ముప్ఫై మందీ తలలు దించుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు అంకెలు చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి సూత్రం. చెప్పేశాను.

ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. సంఘం పెద్ద, సుక్రమ్మ. యాభై దాటిన మనిషి, ముక్కుకి రెండువైపులా పోగులు, చెవులకి కమ్మలు, నవ్వని మొహం.

"ఎంతన్నావు?"

"పద్దెనిమిదక్కా."

"మళ్లీ సెప్పు. ఎనకోళ్లకి ఇనబళ్లేదు."

మళ్లీ చెప్పాను. బేరంలో ఒకే అంకెని రెండుసార్లు చెప్పించుకున్నవాడిదే పైచేయి అని మా నాన్న నాకు ఎనిమిదేళ్ల వయసులోనే నేర్పాడు. ఆ పాఠం ఇలా తిరగబడుతుందని మాత్రం నేర్పలేదు.

మాది శృంగవరపుకోటలో కిరాణా కొట్టు. నాన్న వారానికోసారి సరుకేసుకుని కొండ మీద సంతలకి వెళ్లేవాడు. సెలవు రోజుల్లో నేనూ కాటా పక్కన కూర్చునేదాన్ని. ఇంజనీరింగు తర్వాత చదివాను. బేరం మాత్రం అంతకు ముందే వచ్చేసింది. ఇప్పుడు విశాఖలో నాదో చిన్న వర్క్‌షాపు. బిస్కెట్లు, పసుపు, రొయ్యలు తయారుచేసే చోట్ల వాడే మెటల్ డిటెక్టర్లకి ట్రాన్స్‌మిటర్ బోర్డులు చేస్తాను.

ఈ సంఘానికి డిటెక్టరు ఎందుకో చెప్పాలి. వాళ్లు కాఫీ పళ్లు కోసి, కడిగి, ఎండబెట్టి, డీజిల్‌తో నడిచే హల్లర్ మర మీద పొట్టు తీసి, గింజని బస్తాల్లో కింద పెద్ద కొనుగోలుదారుకి పంపేవారు. లారీ దిగిన వారానికి ఫోను వచ్చేది. మీ సరుకులో ఇనప ముక్కలు వచ్చాయి, మళ్లీ జల్లెడ పట్టించాం, ఇంత కోత. ప్రతి లారీకీ అదే పాట. నిజంగా వచ్చాయో లేదో కొండ మీద ఎవరికీ తెలీదు. హల్లర్ అరిగితే ముక్కలు రాలడం అబద్ధం కాదు. అలాగని ప్రతి లారీలోనూ రాలడం నిజం అనిపించదు. కాదని చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. పైనే డిటెక్టరు పెట్టి, పాసైన బస్తాకి పైనే సీలు వేస్తే, కింద కోత ఉండకూడదన్నది సుక్రమ్మ పట్టు. కొనుగోలుదారు సరేనన్నాడు, ఒక షరతు మీద. వాళ్ల క్వాలిటీ మనిషి వచ్చి పరీక్షించాలి. ఒకసారి తప్పితే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకూడదు.

ఇక నా పని గురించి కొంచెం. ఫ్యాక్టరీ డిటెక్టరు ఒక గుమ్మం లాంటి పెట్టె. మధ్యలోంచి బెల్టు పోతుంది. గుమ్మం లోపల మూడు తీగచుట్టలు, అంటే కాయిల్స్. నడిమిది ట్రాన్స్‌మిటర్. అది సెకనుకి లక్షలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అటూ ఇటూ ఉన్న రెండూ రిసీవర్లు, కాటాకి రెండు పళ్లేల్లాంటివి. లోహం ఏది దాటినా ఆ తూకం చెదురుతుంది, యంత్రం అరుస్తుంది.

కరెంటంతా మింగేది ఆ నడిమి కాయిల్ని నడిపే బోర్డే. పాత పద్ధతి లీనియర్ యాంప్లిఫయర్. కుళాయి సగం తిప్పి పట్టుకున్నట్టు, కావలసింది కాయిల్‌కి పోతుంది, మిగతాది వేడైపోతుంది. నా పద్ధతి వేరు. కాయిల్‌కి ఒక కెపాసిటర్ జత చేసి, ఆ రెంటినీ ఉయ్యాలలా ఊగనిస్తాను. దీన్ని రెజొనెన్స్ అంటారు. ఊగుతున్న ఉయ్యాలని ప్రతిసారీ మొదటినుంచీ తొయ్యక్కర్లేదు. సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణాన చిటికెన వేలితో తోస్తే చాలు. ఆ తోపు ఇచ్చేవి మాస్‌ఫెట్ స్విచ్చులు. పూర్తిగా తెరుచుకోవడం, పూర్తిగా మూసుకోవడం తప్ప వాటికి మధ్యస్తం తెలీదు. అందుకే వేడెక్కవు.

నలభై నుంచి పద్దెనిమిదికి ఎలా దిగాను? బేరం చేశాను. కాయిల్‌కి మామూలు తీగ తీసేసి, సన్నటి పోగులు పేనిన లిట్జ్ తీగ చుట్టాను. ఉయ్యాల ఎంత తక్కువ తోపుకి ఎంత ఎక్కువ ఊగితే అంత లాభం కదా, దాన్ని ఇంకా ఇంకా సున్నితం చేశాను. చివరికి ఒకే ఒక్క లయకి తప్ప కదలనంత సున్నితం. చివరి రెండు వాట్లు ఎక్కడా దొరకలేదు. కాయిల్లో కరెంటు ఎంత పారుతోందో ఎప్పటికప్పుడు చూసే చిన్న సర్క్యూటు ఒకటుంది, అది కనిపించింది. 'కాయిల్ నాది, తీగ నాది, కరెంటు నాది. మళ్లీ దీన్ని చూడ్డానికి కాపలాదారెందుకు?' అనుకుని పీకేశాను. పద్దెనిమిది వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో స్వీటు పంచిన మనిషిని నేనే.

డిటెక్టరుని గోనెల్లో చుట్టి కిరండూల్ పాసింజర్లో ఎక్కించుకుని వెళ్లాను. టైడా దాటేదాకా ఒడిలో పెట్టుకున్నాను, చంటిపిల్లలా. మధ్యాహ్నం బిగించాం. బెల్టు మీద గింజ పోసి, ఇనుము, ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు, మూడు రకాల పరీక్ష పుల్లలు వదిలాను. పుల్ల అంటే ప్లాస్టిక్ కడ్డీ, దాన్లో ఆవగింజంత లోహపు గుండు ఉంటుంది. యంత్రం మూడింటికీ అరిచింది. మీటరు పద్దెనిమిది చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనా డీలరు నంబరు కూడా వెతికాను, ఫొటో పంపుదామని.

మర్నాడు తెల్లవారుజామున షెడ్డులో హల్లర్ చప్పుడుకి లేచాను. చలికాలం వాళ్లు చీకటితోనే గింజ ఆడతారు, లారీ పొద్దున్నే దిగాలి కాబట్టి. షెడ్డు నిండా మంచు, అవతలి గోడ కనిపించట్లేదు. డిటెక్టరు పక్కన సుక్రమ్మ ఒక చెవి కమ్మ విప్పి, దాని సీలని గింజల మీద పెడుతోంది. సీల అంటే కమ్మకి వెనక బిగించే బుల్లి మర. బంగారం.

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"సంతలో కాటా నమ్మే ముందు మా రాయేసి సూస్తాం. నీ కాటాకి రాయి సరిపోదని సీలేస్తున్నాను."

ఆ రాయి సంగతి నాకు తెలుసు. సంతకొచ్చే ఆడవాళ్ల కొంగున తూకం తెలిసిన రాయి ఒకటి ముడేసి ఉండేది. సరుకు పెట్టేముందు అది కాటాలో పెట్టేవారు. ముల్లు ఎక్కడ ఆగాలో వాళ్లకి కంఠతా వచ్చు. మా నాన్న కాటా ఎప్పుడూ నిజమే చెప్పేదని నేను ప్రమాణం చెయ్యలేను. రాయి వేసినప్పుడు మాత్రం నిజమే చెప్పేది.

బెల్టు కదిలింది. సీల గుమ్మంలోకి వెళ్లింది. అవతలికి వచ్చింది. యంత్రం నోరు మెదపలేదు. సీల గింజలతోబాటు బస్తాలోకి జారిపోయింది.

"అమ్మీ," అంది సుక్రమ్మ, చాలా నెమ్మదిగా. "నీ కుక్క అరవలేదు. నా సీల మింగీసినాది."

తర్వాతి గంట చెప్పుకోదగ్గది కాదు. బస్తా గోనె మీద గుమ్మరించి, చేటలు పట్టుకుని, అందరం కూర్చుని చెరిగాం. "పద్దెనిమిది వాట్లమ్మా, పద్దెనిమిది!" అని ఎవరో డీలరు గొంతుతో అన్నారు. మిగతావాళ్లు పకపకా నవ్వారు. సీల నా చేటలోనే దొరికింది. సుక్రమ్మ దాన్ని చెంగుతో తుడుచుకుని కమ్మకి బిగించుకుంది, నా వైపు చూడకుండా.

ఆసిలోస్కోపు తగిలించాను. అది కరెంటు అలని తెర మీద చూపించే పరికరం. కాయిల్లో ఉండాల్సిన కరెంటులో సగం కూడా లేదు. చలికి కెపాసిటర్ విలువ కొంచెం జారింది. కాయిల్ కదలకుండా దాని మీద పోసిన రెసిన్ జిగురు మంచు తేమని కొంచెం పీల్చింది. రెండు కొంచేలు కలిసి ఉయ్యాల లయ మారింది. నా స్విచ్చులు మాత్రం పాత లయకే తోస్తున్నాయి, వెళ్లిపోయిన ఉయ్యాల వెనక గాలిని తోసినట్టు. క్షేత్రం నీరసించింది. చిన్న లోహానికి తూకం చెదరలేదు. ఈ సంగతి నాకు చెప్పాల్సిన కాపలాదారుని నేనే పీకేశాను. ఎండెక్కుతుంటే నా కళ్లముందే తెర మీద అల మళ్లీ లేచింది. పదింటికల్లా యంత్రం అమాయకంగా అన్నిటికీ అరుస్తోంది.

సంతలో బేరమాడి ధర తేల్చుకున్నాక కూడా కొసరు అడుగుతారు. ఇచ్చేవాడు ఇస్తాడు, ఎందుకంటే ధరలో దానికి చోటు ముందే ఉంచుకుంటాడు. నేను ఉయ్యాల దగ్గర కొసరుకి కూడా చోటు మిగల్చకుండా పిండేశాను. కొట్టు పిల్ల చేసే తప్పే ఇది. వేరే ఇంజనీరైతే ఇంత బాగా పిండేవాడు కాదు.

క్వాలిటీ మనిషి మూర్తిగారు వారంలో రావాలి. ఆయన పొద్దుటి రైలెక్కి, మధ్యాహ్నం భోంచేసి, రెండింటికి పరీక్ష పెడతారు. రెండింటికి నా యంత్రం బంగారం. నాన్నకి ఫోన్ చేశాను.

"మధ్యాహ్నం బేరం మధ్యాహ్నం చూసుకో. తెల్లారి మంచులో ఎవడొస్తాడు?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. పాసయ్యాక నెమ్మదిగా బోర్డు మార్చవచ్చు. అదే సుక్రమ్మతో అన్నాను, కాస్త పాలిష్ చేసి.

"ఏటి గుంటా, మీ మూర్తికి మజ్జానం సూపిస్తావా? మా బస్తాలు తెల్లారగట్ల ఆడతాయి. రేపు సీలు కొట్టిన బస్తాలో ఇనుము దొరికితే, ఆడు నీ మాట ఇనడు, నా మాటా ఇనడు. ఇంక కొండ మీద ఎవరి మాటా ఇనడు. నీ మిషను నువ్వు తీసుకుపో. కోత పడితే పడనీ. ఆడి అబద్ధం ఆడే మొయ్యాల. నా చేత నీ అబద్ధం మొయ్యించకు."

నాకు రోషం వచ్చింది. డీలరు నవ్వినప్పటి రోషం కాదు, ఇంకో రకం. "వారం ఉంది కదా. పట్టుకెళ్తున్నాను. తెల్లవారుజామునే చూపిస్తాను, ఆయనకీ, నీకూ" అన్నాను. ఈసారి అంకె చెప్పలేదు.

విశాఖలో పీకేసిన కాపలాదారుని మళ్లీ పెట్టాను. వాడికి ఇంకో పని కూడా అప్పజెప్పాను. కాయిల్ ఏ లయకి ఊగుతోందో చూసి, స్విచ్చుల్ని ఆ లయకే తోయించడం. దీన్ని ఫ్రీక్వెన్సీ ట్రాకింగ్ అంటారు. కెపాసిటర్ చలికి కదలని రకానికి మార్చాను. ఉయ్యాలని కొంచెం మొద్దుగా చేశాను, కావాలనే. కాయిల్లో కరెంటు చాలకపోతే ఎర్రదీపం వెలిగి బెల్టు ఆగిపోయేలా కట్టాను. విశాఖలో చలి దొరకదు కనక హార్బరు దగ్గర నాన్న స్నేహితుడి ఐసు ఫ్యాక్టరీలో, చేపల కోసం చేసిన దిమ్మల మధ్య డిటెక్టరు పెట్టుకుని, రగ్గు కప్పుకుని రెండు రోజులు కూర్చున్నాను. ఆయన నాన్నకి ఫోన్ చేసి "మీ అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడట.

మూర్తిగారికి నేనే ఫోన్ చేశాను.

"ట్రయల్ రెండింటికి పెట్టుకుందాం మేడమ్."

"కాదండి. పొద్దున్న ఐదున్నరకి. ముందురోజే వచ్చి పడుకోండి."

"ఐదున్నరకా? ఎవరి పెళ్లండీ ఆ ముహూర్తానికి?"

"పెళ్లి కాదండి. మీ కోతలకి దినం."

ఆయన నవ్వారు. వచ్చారు కూడా, రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపుతో.

ఆరోజు మంచు ఇంకా చిక్కగా ఉంది. నాకు సంతోషం, భయం రెండూ. సుక్రమ్మ మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. బెల్టు కదల్లేదు.

"ఇదేంటి మేడమ్, పనిచెయ్యట్లేదా?" అన్నారు మూర్తిగారు జేబుల్లోంచి చేతులు తియ్యకుండా.

"చేస్తోందండి. ఇంకా నాకు కనబడట్లేదు, ఆగండి అంటోంది. మీ కింది యంత్రం ఎప్పుడైనా ఆ మాటందా?"

దీపం అలాగే ఉంది. యంత్రం లోపల కాపలాదారు లయ వెతుక్కుంటున్నాడని నాకు తెలుసు. దొరుకుతుందని తెలీదు. ఐసు దిమ్మల మధ్య దొరికింది. ఇది మంచు. తర్వాత దీపం పచ్చబడింది, బెల్టు కదిలింది.

పుల్లలు ఆయనవే. ఇనుము, అరిచింది. ఇత్తడి, అరిచింది. స్టెయిన్‌లెస్ స్టీలు అన్నిటికంటే కష్టం, అది అయస్కాంతానికీ సరిగా పట్టదు, కరెంటునీ సరిగా పారనివ్వదు. ఆయన దాన్ని గింజల్లో అడుక్కి గుచ్చారు. అరిచింది. అంచుకి జరిపారు. అరిచింది. పెట్టినచోట మళ్లీ పెట్టకుండా, ఇంక పెట్టడానికి చోటు లేకుండా పెట్టారు. ఆఖర్న సుక్రమ్మ తన సీల వేసింది. యంత్రం అరిచిన అరుపుకి ఆవిడే ఉలిక్కిపడింది.

మూర్తిగారు కాయితం తీశారు. సంతకానికి ముందు కొసరు అడిగారు. "పాసైంది, కాదనను. కానీ కింద మేమూ ఒకసారి చెక్ చేస్తాం. ఒకవేళ ఏదైనా దొరికితే చిన్న కోత..."

"దొరికితే కొయ్యండి," అంది సుక్రమ్మ. "ముక్క పంపి కొయ్యండి."

"ముక్కా?"

"ఇనప ముక్క. ఇన్నేళ్లు కోసినారు కదా, ఒక్క ముక్కైనా మాకు సూపించినారేటి? ఏ బస్తాలో దొరికింది, ఎలాగుంది, మా హల్లర్‌దో మీ జల్లెడదో మేం సూసుకుంటాం. ముక్క నేకుండా కోత నేదు. అది రాయండి, అప్పుడు సంతకం."

"అది పద్ధతి కాదమ్మా..."

"మీ పద్ధతి ఇన్నాళ్లు సూసినాం బాబూ. బేగి రాయండి, లారీ వచ్చీసినాది."

ఆయన నా వైపు చూశారు, చదువుకున్నదాన్ని కదా సర్ది చెబుతానని. నేను డిటెక్టరు వైర్లు చుట్టుకుంటున్నాను. చాలా శ్రద్ధగా. ఆయన రాశారు.

ఆ తర్వాత వెళ్లిన లారీల్లో దేనికీ ఇంతవరకూ కోత ఫోను రాలేదు. ముక్కా రాలేదు. పాత కోతలు నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు, తెలుసని ఎక్కడా అనను. అరవని యంత్రం అంటే లోహం లేదని కాదు, దానికి కళ్లున్నాయో లేవో ముందు తేల్చుకోవాలన్నది మాత్రం నాకు తెలిసింది. ఇప్పుడు నా దగ్గర నుంచి వెళ్లే ఏ బోర్డులోనూ కాపలాదారుని పీకను. ఎవరు ఎంత బేరమాడినా సరే. ఆడేది నేనైనా సరే.

యంత్రం అప్పజెప్పిన రోజు సుక్రమ్మ లెక్క అడిగింది. "పద్దెనిమిదన్నావు. ఎంతైనాది?"

ఇరవై మూడున్నర అయింది. మంచు విడవని రోజుల్లో బ్యాటరీలు దీన్ని సాయంత్రందాకా మొయ్యవు, బెల్టు ఒక గంట ముందే ఆపుకోవాలి. అది దాచకుండా చెప్పాను. మీదపడ్డ ఐదున్నరకీ అక్కడే గోడ మీద సుద్దతో బిల్లు రాశాను. కాయిల్‌ని కనిపెట్టుకుని ఉండే కాపలాదారుకి రెండు వాట్లు. లయ తప్పినా తట్టుకునేలా ఉయ్యాలని మొద్దు చేసినందుకు ఒకటిన్నర. ఎర్రదీపానికీ, బెల్టు ఆపే మీటకీ అర. ఇవి నాలుగు. మిగిలిన ఒకటిన్నర వాట్లు ఎక్కడికి పోతున్నాయో ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఇంకెవరైనా అయితే దాన్ని తెలివిగా ఏదో ఒక పద్దులో కలిపేసేవారు, మా ఇంట్లో అయితే తప్పకుండా. నేను ఆఖరి వరసలో ఉన్నదున్నట్టు రాశాను: ఒకటిన్నర, తెలీదు.